విప్పినా పోని మడత

కరోనా ఆంక్షలు ఎత్తేశాక వచ్చిన రెండో చలికాలంలో, కువైట్‌లో సబ్హాన్ అనే చోట ఒక గోడౌన్‌లో నన్ను బట్టల విభాగానికి పెద్దను చేశారు. రంజాన్ నెలంతా రోజుకొక భాగంగా టీవీలో వచ్చే సీరియల్ కోసం ఆ గోడౌన్‌ను మా కంపెనీ అద్దెకు తీసుకుంది. సగంలో ఒక కువైటీ ఇంటి సెట్టు వేశారు. మిగతా సగంలో మేకప్, లైట్లు, బట్టలు. ఆ పనిలో నేను అప్పటికే చాలా ఏళ్లుగా ఉన్నాను. ఇస్త్రీతో మొదలుపెట్టి గుండీలు, చిన్న కుట్లు, నటులకు బట్టలు తొడిగించడం దాకా అన్ని మెట్లూ ఎక్కాను. పెద్దగా కూర్చోవడం మాత్రం అదే మొదలు. మాది రాజంపేట దగ్గర పల్లె. నేను చదివింది ఐదో తరగతి. నా కింద పనిచేసినవాళ్లలో డిగ్రీ చదివినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లు నా మాట విన్నారు, నేనూ వాళ్ల మాట విన్నాను. పని సక్రమంగా జరిగింది.

బట్టల విభాగం అంటే చాలామంది కుట్టుపని అనుకుంటారు. కుట్టడం అందులో ఒక మూల మాత్రమే. సీరియల్‌ను కథ వరుసలో తీయరు. ఏ సెట్టు సిద్ధంగా ఉంటే ఆ సెట్టులోని దృశ్యాలన్నీ ముందు తీసేస్తారు. మనిషి చచ్చిపోయిన దృశ్యం ముందు తీసి, వాడి పెళ్లి తరువాత తీస్తారు. కాబట్టి ఏ దృశ్యంలో ఎవరి గుండీ పెట్టి ఉంది, ఎవరి చేతి మడత ఎక్కడిదాకా ఉంది అన్నది ఫొటోలు తీసి పెట్టుకుని, మళ్లీ అదే దృశ్యానికి మనిషిని అచ్చం అలాగే నిలబెట్టాలి. దీన్ని అరబ్బు సినిమావాళ్లు రాకోర్ అంటారు. రాకోర్ తప్పితే తలుపు బయట నీలం చొక్కాతో ఉన్నవాడు లోపలికి రాగానే తెల్ల చొక్కాతో కనిపిస్తాడు. చూసేవాళ్లు నవ్వుతారు. నా విభాగంలో అలా ఎవరూ నవ్వేలా జరగలేదు.

ఈ పనిలోకి నన్ను తెచ్చింది నేను మొదట ఇంటిపనికి చేరిన ఇంటి మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు. ఆమె సీరియళ్లకు బట్టలు సమకూర్చేది. ఇంట్లో పని అయ్యాక నన్ను షూటింగుకు తీసుకుపోయి ఇస్త్రీకి పెట్టేది. చివరికి ఇఖామా అనే నా నివాస పర్మిట్‌ను కూడా కంపెనీ మీదికి మార్పించింది. రాత్రి భోజనాలయ్యాక ఆమె పక్కన కూర్చుని నేను చూసిన అరబ్బు సినిమాలకూ సీరియళ్లకూ లెక్కలేదు. నా అరబ్బీ అంతా అట్లా వచ్చిందే.

మా సీరియల్ కథ ఒక కువైటీ కుటుంబానిది. చిన్నకొడుకు ఫహద్ కాలేజీలో చదువుతూ ఒక జమాత్‌లో పడతాడు. జమాత్ అంటే జట్టు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఐదు పూటలా నమాజు చేసుకునేవాడు వేరు. మతం పేరు చెప్పి రాజ్యం మా చేతికి రావాలి, మేం చెప్పినట్టే అందరూ బతకాలి అని జట్టు కట్టేవాడు వేరు. ఈ రెండోవాళ్ల మీద అరబ్బులు ఎన్నో నవలలు రాసుకున్నారు, సినిమాలు తీసుకున్నారు. అది వాళ్ల ఇళ్లలో తగిలిన దెబ్బ కాబట్టి వాళ్లకు ఆ కథలు కావాలి. నేను మొదట్లో చూసినవాటిలో ఆ మనిషి నవ్వులాట మనిషి. పెద్ద పొట్ట, రంగేసిన గడ్డం, నోరు తెరిస్తే అరుపు, చూపు మాత్రం పక్కింటి కిటికీ మీద. తరువాతి కాలంలో వచ్చినవాటిలో అతనికి నల్ల జెండా వచ్చింది, కత్తి వచ్చింది. అమ్మ లేదు, ఆకలి లేదు, చిన్నప్పుడు ఆడుకున్న వీధి లేదు. మామా నవలలు బాగా చదివేది. పుస్తకంలో ఆ మనిషికి ఇల్లూ వాకిలీ ఉంటాయనీ, అటు ఎందుకు పోయాడో రాస్తారనీ, తెర మీదికి వచ్చేసరికి గడ్డం ఒక్కటే మిగులుతుందనీ అనేది.

ఆ గడ్డం మేకప్ వాళ్లది. మిగతాది మా విభాగం పని. కువైటీ మగవాళ్లు వేసుకునే పొడుగు అంగీ దిష్దాషా. మామూలుగా అది పాదాల దాకా ఉంటుంది. తల మీద గుత్రా అనే గుడ్డ, దాని మీద అగాల్ అనే నల్ల తాడు చుట్ట. మనిషి జమాత్‌లో చేరాడని చూపించాలంటే అగాల్ తీసేస్తాం, దిష్దాషాను చీలమండల పైకి కుదిస్తాం. ఒక్క మాట అక్కరలేకుండా చూసేవాళ్లకు తెలిసిపోతుంది. అయితే చిక్కేమిటంటే, ఎవరి జోలికీ పోని భక్తులు కూడా చాలామంది అలాగే వేసుకుంటారు. అలాంటి మనిషి నా విభాగంలోనే, కుట్టు మిషన్ దగ్గర కూర్చుని ఉన్నాడు. రాయచోటి నుంచి వచ్చిన ఖాదర్ బాషా. ఛాతీ దాకా నెరిసిన గడ్డం, చీలమండల పైన ఆగిపోయే ప్యాంటు. నమాజు వేళకు మిషన్ ఆపి లేచేవాడు, తిరిగి వచ్చి ఆ కుట్టు ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మొదలుపెట్టేవాడు. అతని చేతిలో సూది పడితే గుడ్డకు నొప్పి తెలియదు.

ఫహద్ దిష్దాషాలు కథ మొదట్లో పొడుగు, మధ్యలో పొట్టి, చివర్లో ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ పొడుగు. ఎవరైనా పొడుగువి ఒక జత, పొట్టివి ఒక జత కుట్టిస్తారు. చలికాలపు దిష్దాషా ముదురు రంగు ఉన్ని గుడ్డ, చవకది కాదు. నేను ఒకటే జత చాలన్నాను. మా వైపు ఆడపిల్లకు పావడా కుట్టేటప్పుడు కింద టక్కులు వేస్తాం. పిల్ల ఎదిగేకొద్దీ ఒక్కో టక్కూ విప్పుతాం. అలాగే దిష్దాషాను కత్తిరించకుండా లోపలికి మడిచి కుట్టమన్నాను.

ఖాదర్ ఒప్పుకోలేదు. "అక్కా, ఇది ఉన్ని. రేపు విప్పితే గీత నిల్చిపోతాది."

"ఇస్త్రీ ఎందుకుండాది?"

"ఇస్త్రీకి పోయే గీత గాదక్కా ఇది."

"పోకపోతే అప్పుడు జూస్తాంలే. నువ్వు కత్తెర ముట్టుకోవాక."

గుడ్డ పాడుచేయడం నాకు చేతకాదు. అందుకు నన్ను పిసినారి అన్నవాళ్లు ఉన్నారు. అననీ.

షూటింగు చివరి వారంలో ఒకనాడు, పొద్దున ఫహద్ ఇంటికి తిరిగి వచ్చే దృశ్యం, మధ్యాహ్నం జమాత్ సభ దృశ్యం పెట్టారు. పొద్దున్నే ఖాదర్ మడత విప్పాడు. గీత ఉంది. తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేశాడు, వెనిగర్ చల్లి చేశాడు, ఆవిరి పట్టాడు. పిక్కల దగ్గర అడ్డంగా, సన్నగా, గీత అలాగే ఉంది. పైన బయట తిరిగి దుమ్ము పట్టిన రంగు, కింద లోపల దాగిన కొత్త రంగు. ఖాదర్ నా వైపు చూశాడు గానీ 'చెప్పలేదా' అనలేదు. అతని మర్యాద అది.

అప్పుడే సహాయ దర్శకుడు హానీ వచ్చాడు. ఈజిప్టువాడు, మనసులో చెడ్డవాడు కాదు, ఎప్పుడూ తొందర. సభ దృశ్యానికి కుంబార్స్ కావాలి. గుంపులో నిలబడే చిల్లర వేషగాళ్లను అక్కడ అలా అంటారు. బస్సులో వచ్చిన కుంబార్స్ అందరూ నున్నటి మొహాల కుర్రవాళ్లు. పెట్టుడు గడ్డాలు ఉన్నవి చాలడం లేదు. హానీ చూపు ఖాదర్ మీద పడింది.

"యా ఖాదర్, నిన్ను దేవుడే పంపాడు! నీకు మేకప్ కూడా అక్కరలేదు. మొదటి వరుసలో కూర్చో. చేతికి తుపాకీ ఇస్తాం, రబ్బరుది."

ఖాదర్ చేతిలోని కుట్టు పూర్తిచేసి దారం తెంపాడు. "నేను టైలర్ని సార్" అన్నాడు.

"తుపాకీని కుట్టమనలేదులే" అని హానీ నవ్వాడు. ఖాదర్ నవ్వకపోయేసరికి అతనికి కోపం వచ్చింది. ఇఖామా ఇచ్చిన కంపెనీ చెప్పిన పని చేయాలి, లేదంటే మేనేజర్‌తో చెప్తాను, ఖలాస్, ఊరికి టికెట్ తీసుకో అన్నాడు. అని, నా విభాగంలోనే నన్ను అడగకుండా, మధ్యాహ్నానికి సిద్ధంగా ఉండమని చెప్పి వెళ్లిపోయాడు.

ఖాదర్ తల ఎత్తలేదు. "అక్కా, ఈ సీరియల్ రంజాన్లో ఈడుండే మనోళ్లందురూ జూస్తారు. ఫోన్లో మా ఊరికి పంపిస్తారు. మీ నాయన తుపాకీ పట్టుకున్న్యాడని నా బిడ్డకు జూపిస్తారు. వేషమని ఎంతమందికని చెప్పుకుంటా పోను? మామూలుగానే ఎయిర్‌పోర్టులో నన్ను పక్కకు నిలబెడతాండారు. ఈ గడ్డం నేను వేషానికి పెంచిందా?"

"నువ్వు మిషన్ కాణ్ణించి లెయ్యొద్దు. నేను పోయొస్తా."

"పని పోతే?"

"పోతే ఇద్దరిదీ పోతాది. కూర్చో."

నాకు భయం లేదని చెప్పను. పెద్దగా కూర్చున్న మొదటి ఏడాదే ముఖ్రిజ్‌తో, అంటే దర్శకుడితో, గొడవ పడడం ఎవరికీ మంచిది కాదు. కానీ నా కింద పనిచేసేవాణ్ణి ఎక్కడికి పంపాలో నేను చెప్పాలి. ఆ మర్యాద లేకపోతే ఆ కుర్చీ ఎందుకు?

ఫహద్ వేషం వేసే నటుణ్ణి వెంటబెట్టుకుని సెట్టు మీదికి వెళ్లాను. తల్లి వేషం లతీఫాది. ఆమె వయసులో నాకు సమానురాలు, కువైట్‌లో ఆమెను తెలియని ఇల్లు లేదు. గడప దగ్గర నిలబడి కొడుకును చూసి కౌగిలించుకోవాలి. రిహార్సల్ మొదలైంది. ఆమె చూపు కొడుకు మొహం మీద నుంచి కిందికి జారి, గీత దగ్గర ఆగింది. నటన ఆపేసింది.

"ఉమ్ శారదా, ఇదేమిటి?" శారద నా పెద్దకూతురు. పెద్ద బిడ్డ పేరుతో తల్లిని పిలవడం వాళ్ల అలవాటు.

మడత విప్పిన గీత అన్నాను.

"అయితే నువ్వు కత్తిరించలేదా?"

"ఎందుకు కత్తిరిస్తాను? చివర్లో మళ్లీ పొడుగు కావాలి గదా."

"అంటే వీడు తిరిగి వస్తాడని నీకు ముందే తెలుసా?"

"స్క్రిప్టులో ఉంది గదా" అన్నాను. లైట్లు పట్టుకున్నవాళ్ల దాకా అందరూ నవ్వారు. లతీఫా మాత్రం నవ్వలేదు. వంగి ఆ గీతను వేలితో తడిమింది. దర్శకుడు నాసర్ వైపు తిరిగి, "తల్లి చేతిలో స్క్రిప్టు ఉండదు. అయినా తల్లి కూడా కత్తిరించదు. మడిచి కుడుతుంది" అంది.

నాసర్ కుర్చీలోంచి లేచి వచ్చి గీతను చూశాడు. కెమెరాను దగ్గరికి తెమ్మన్నాడు. గీత కనబడకుండా దూరం నుంచి తీయమని అడగడానికి వచ్చినదాన్ని నేను. దగ్గరి నుంచి తీస్తే ఇస్త్రీ చేతకాని విభాగం అనుకుంటారు, పేర్లు పడేటప్పుడు అక్కడ పడేది నా పేరు అన్నాను. "అనుకోనీ, నాకు ఆ గీతే కావాలి" అన్నాడు.

సరిగ్గా అప్పుడు హానీ వచ్చి, టైలర్ మొండికేస్తున్నాడని ఫిర్యాదు చేశాడు. నేను నా మాట చెప్పాను. ఖాదర్ బట్టల విభాగం మనిషి, కుంబార్స్ కాదు, నేను పంపను అన్నాను.

నాసర్ కేకలు వేసే మనిషి కాదు. నన్ను పక్కకు పిలిచి నెమ్మదిగా చెప్పాడు. ఆ సభ చూస్తే జనానికి భయం పుట్టాలి. అతని చిన్నాన్న కొడుకు ఒకడు అలాంటివాళ్ల వెంట పోయి తిరిగి రాలేదు. వాళ్లను మంచివాళ్లుగా చూపించడం తన వల్ల కాదు. అది నాటకం కాదని నాకు తెలిసింది.

మంచివాళ్లుగా చూపించమని నేను అనడం లేదని చెప్పి, మా విభాగంలో ఏ వేషానికైనా ముందు అడగవలసిన ప్రశ్న అడిగాను. ఏ మనిషికి బట్టలు సిద్ధం చేయాలన్నా, అలాంటి మనిషిని కళ్లతో చూసినవాళ్లను పట్టుకుని అడుగుతాం. ఈ సీరియల్ మొదలైనప్పుడు ఆ వేషానికి మాత్రం ఎవరూ అడగలేదు. గడ్డం, పొట్టి దిష్దాషా అని అందరికీ ముందే తెలుసు కాబట్టి. "ఉస్తాద్, మీ తమ్ముణ్ణి తీసుకుపోయినవాణ్ణి మీరు చూశారా? ఎట్లాంటి బట్టల్లో ఉండేవాడు?" అన్నాను.

అతను, "మామూలు దిష్దాషా. పాదాల దాకా. అగాల్ ఉండేది. నున్నగా గీసుకునేవాడు, మంచి అత్తరు పూసుకునేవాడు. మా ఇంటికొచ్చి మా అమ్మ వండిన మచ్‌బూస్ తిని, ఆమె చెయ్యి బాగుందని మెచ్చుకుని వెళ్లాడు" అన్నాడు. మచ్‌బూస్ వాళ్ల మాంసం అన్నం.

లతీఫా వింటూనే ఉంది. "దానికన్నా భయం ఇంకేముంది నాసర్?" అంది.

అతను హానీని పిలిచాడు. బస్సులో వచ్చిన కుర్రవాళ్లను వచ్చినట్టే, టీషర్టులతో, టోపీలతో, కాలేజీ సంచులతో సభలో కూర్చోబెట్టమన్నాడు. రబ్బరు తుపాకులు వద్దన్నాడు. హానీ జుట్టు పీక్కున్నాడు. "మరి వీళ్లలో చెడ్డవాడెవడో జనానికి ఎలా తెలుస్తుంది?" అన్నాడు. "తెలియకూడదు. మా అమ్మకు తెలిసిందా?" అన్నాడు నాసర్.

నా గీత గురించి నేను మరచిపోలేదు. గీతను దగ్గరి నుంచి తీసుకోండి, నా పేరు పోయినా సరే, కానీ ఖాదర్‌ను ఈ విషయంలో మళ్లీ ఎవరూ ఏమీ అనకూడదు అన్నాను. నాసర్ చెయ్యి కళ్ల మీద పెట్టుకున్నాడు. సరే, నీ మాట నా కళ్ల మీద అని వాళ్లు చెప్పే తీరు అది. హానీ మా గదికి వచ్చి ఖాదర్ భుజం తట్టి, టీ తాగించి వెళ్లాడు. మేనేజర్ దాకా మాట పోలేదు.

ఇక పని మా మీద పడింది. సభలో మాట్లాడే నాయకుడు అప్పటికి ఏ దృశ్యంలోనూ కనిపించలేదు కాబట్టి రాకోర్ చిక్కు లేదు గానీ, అతని దిష్దాషా పొట్టిది. పైగా అది నిజంగానే కత్తిరించింది. ఆ పాత్ర తిరిగి వచ్చేది లేదు గనక నేనే కత్తిరించమన్నాను. మధ్యాహ్నానికి అతనికి పొడుగుది కావాలి. ఫహద్ వాళ్ల అన్న వేషానికి అదనంగా ఉంచిన దిష్దాషాను తీసి ఖాదర్ భుజాలు విప్పి మళ్లీ కుట్టాడు. నేను కింద అంచు పట్టాను. మా ఇద్దరి సూదులూ ఆగలేదు. "యల్లా, కానీండి" అని హానీ గుమ్మంలో అరిచేసరికి నాయకుడు తళతళలాడే గుత్రాతో, నున్నగా గీసిన చెంపలతో, నవ్వు మొహంతో సిద్ధంగా ఉన్నాడు. అతన్ని చూసి మా గదిలో ఇస్త్రీ చేసే నెల్లూరు పిల్ల మేరీ, "అమ్మో, వీడెవరో పెళ్లికొడుకులాగున్నాడే" అంది. అతను సభలో మాట్లాడుతుంటే మేరీయే, "నాకు వణుకు పుడతంది" అంది.

మర్నాడు నాసర్ కొత్త దృశ్యం ఒకటి రాసుకొచ్చాడు. ఫహద్ తన దిష్దాషాను కత్తిరించమని తల్లికి ఇస్తాడు. తల్లి సరేనని, వాడు అటు పోగానే కత్తెర పక్కన పెట్టి మడిచి కుడుతుంది. కెమెరా ఆమె చేతుల మీదే ఉంటుంది. లతీఫా పుట్టాక సూది పట్టలేదు. ఖాదర్‌ను ఆమెకు నేర్పమన్నాను.

"సూది అట్ల గాదు మేడమ్, వేలికి గుచ్చుకుంటాది" అని ఖాదర్ తన అరబ్బీలో తెలుగు కలిపి చెప్తుంటే, ఆమె, "నీ శిష్యురాలు పనికిరానిది, ఉస్తాద్ ఖాదర్" అని నవ్వుతూ మళ్లీ మళ్లీ గుచ్చుకుంది. చివరికి వంకరగానే కుట్టింది. ఖాదర్ సరిచేయబోతే నాసర్ వద్దన్నాడు. తల్లి కుట్టు అలాగే ఉంటుందన్నాడు. మా అమ్మ కుట్టు వంకరగా ఉండేది కాదు. అయినా ఊరుకున్నాను.

ఖాదర్ మీద దర్శకుడికి మంచి అభిప్రాయం కలిగి, మసీదు దృశ్యంలో ఫహద్‌కు మంచిమాట చెప్పి ఇంటికి పంపే పొరుగాయన వేషం వేస్తావా అని అడిగాడు. ఖాదర్ ఒక పూట ఆలోచించాడు. తరువాత వచ్చి, "మంచోడి వేషం గూడా వొద్దు సార్. నా మొగం నాకుండనీండి" అన్నాడు. ఆ వేషానికి వేరే ఆయన్ను పెట్టారు. గడ్డం ఆయన సొంతమే, ఇష్టపడి వచ్చాడు.

సీరియల్ రంజాన్‌లో వచ్చింది. మేముండే హవల్లీ బిల్డింగులో సాయంత్రాలు ఉపవాసం విప్పాక ఆడవాళ్లు ఒక ఇంట్లో చేరి చూసేవాళ్లు, నన్నూ పిలిచేవాళ్లు. సభ దృశ్యం వచ్చిన రోజు వాదులాట అయింది. అలాంటివాళ్లను ఇంత అందంగా చూపిస్తారా అని ఒక ఈజిప్టు ఆమె తిట్టింది. సిరియా నుంచి వచ్చిన పై అంతస్తు ఆమె, "మా వీధికి వచ్చినవాడు అచ్చం ఇలాగే ఉన్నాడు" అంది. ఫహద్ గడపలో నిలబడ్డ రోజు కెమెరా కిందికి దిగి గీత మీద ఆగినప్పుడు, ఇస్త్రీ గురించి ఒక్కరూ అనలేదు. పేర్లు పడ్డప్పుడు బట్టల విభాగం కింద నా పేరు, దాని కింద కుట్టుపని ఖాదర్ బాషా అని వచ్చాయి. ఖాదర్ కూతురు ఆ పేరును ఫోన్‌లో ఫొటో తీసి వాళ్ల వీధిలో అందరికీ చూపించిందట. ఆ సంగతి ఖాదర్ నాకు చెప్పేటప్పుడు మిషన్ ఆపలేదు.

నేను పని మానేసి ఇప్పుడు కూతురి దగ్గర ఉంటున్నాను. నా తరువాత ఆ గదికి మేరీ పెద్దగా కూర్చుంది. వచ్చే ముందు ఆమెకు రెండు సంగతులు అప్పగించాను. ఒకటి, ఏ వేషమైనా 'ఇది అందరికీ తెలిసిందే గదా' అంటూ వస్తే దానికి బట్ట తీయవద్దు, ఆ మనిషిని కళ్లారా చూసినవాళ్లెవరో ముందు కనుక్కోవాలి. తెలిసిందే గదా అనే వేషం నిజంగా అపాయకరమైనవాణ్ణి దాచిపెడుతుంది, ఏ పాపమూ ఎరగనివాణ్ణి పట్టిస్తుంది. రెండోది, షూటింగు ముగిసేదాకా గుడ్డ కత్తిరించకూడదు. ఎవరి పాత్ర తిరిగి వస్తుందో దర్శకుడికి కూడా చివరి వారం దాకా తెలియదు.